మిస్టరీ నవల రాయడం ఎలా: హంతకుడెవరో తెలిశాక కూడా చదివించేలా

"హంతకుడెవరో మీకు ముందే తెలుసా, రాస్తూ రాస్తూ తేల్చుకుంటారా?" మిస్టరీలు రాసేవాళ్లు ఎక్కడికెళ్లినా ఎదురయ్యే ప్రశ్న ఇది.

ఒకే ఒక్కసారి తెలియకుండా రాశాను. నాలుగు నెలలు కూర్చుని 180 పేజీలు నింపాను. అనుమానితులు అయిదుగురు. ఒక్కొక్కరి మీద అనుమానం పెంచుతూ పోయాను, తీరా చూస్తే అయిదుగురిలో ఎవరూ ఆ హత్య చేసే వీలు లేదు. టెన్షన్ పట్టుకుంది. చివరి రెండు అధ్యాయాల్లో తోటమాలి తమ్ముణ్ణి పట్టుకొచ్చి నేరం అతని నెత్తిన వేశాను. రాతప్రతి చదివిన స్నేహితుడు చివరి పేజీ మార్జిన్‌లో ఒకే మాట రాశాడు: "ఇతనెవరు?"

అప్పటి నుంచి నాకు ఒకటే కొలత. నవల పూర్తయ్యాక, హంతకుడెవరో తెలిసిపోయాక, పాఠకుడు మళ్లీ మొదటి పేజీ తెరిచి "అరే, ఇక్కడే చెప్పేశాడు కదా" అనుకోవాలి. మొదటిసారి ఎవరైనా చదివిస్తారు. రెండోసారి చదివినా నిలబడేలా రాయడమే అసలు పని. కింద చెప్పే మెట్లన్నీ దాని కోసమే.

1. రాసే ముందు, ఒక నవలని రెండుసార్లు చదవండి

మీకు బాగా నచ్చిన మిస్టరీ వద్దు, ఇంకా చదవనిది తీసుకోండి. మొదటిసారి మామూలు పాఠకుడిలా చదవండి. ముప్పావు వంతు దగ్గర ఆగి, ఎవరి మీద అనుమానమో, ఎందుకో ఒక కాగితం మీద రాసి పుస్తకంలో పెట్టేయండి. తర్వాత చివరిదాకా చదివేయండి.

రెండో చదువు పెన్సిల్‌తో. అసలు క్లూ కనిపించిన చోట "క", ఎవరైనా అబద్ధం చెప్పిన చోట "అ", రచయిత మన దృష్టిని పక్కకి లాగిన చోట "మ" అని గుర్తు పెట్టండి. రెండు మూడు నవలలు ఇలా చదివితే మీకే ఒక సంగతి తెలిసిపోతుంది: "క" ఎప్పుడూ ఒంటరిగా ఉండదు. దాని పక్కనే, చాలాసార్లు అదే పేరాలో, ఒక "మ" ఉంటుంది. క్లూ చెప్పిన మరుక్షణం ఎవరో గ్లాసు పగలగొడతారు, ఫోన్ మోగుతుంది, ఎవరో ఏడుస్తారు.

ఈ పనికి అగాథా క్రిస్టీ 1926లో రాసిన 'ది మర్డర్ ఆఫ్ రోజర్ అక్రాయిడ్' చాలా బాగా పనికొస్తుంది. ముగింపు చెప్పి దాన్ని పాడుచేయను. అది వచ్చినప్పుడు కొందరు పాఠకులు, విమర్శకులు "ఇది మోసం" అన్నారు. ఇంకొందరు "అన్నీ మన కళ్ల ముందే పెట్టింది కదా" అన్నారు. పెన్సిల్ పట్టుకుని రెండోసారి చదవండి, ఎవరిది న్యాయమో మీరే తేల్చుకోండి. నేను రెండో పక్షం.

చదివేటప్పుడు మీరు మోసపోయిన చోటు కంటే, మీకు ఒళ్లు మండిన చోటు ఎక్కువ పనికొస్తుంది. మోసపోయినా నవ్వుకున్నారంటే రచయిత ఆట న్యాయంగా ఆడినట్టు. కోపం వచ్చిందంటే ఏదో దాచాడు. ఏం దాచాడో వెతికి పట్టుకోండి. మీ నవలలో ఆ తప్పు చేయకుండా ఉంటారు.

2. జరిగిన కథ వేరు, చెప్పే కథ వేరు. జరిగినది ముందు రాయండి

అపరాధ పరిశోధన నవలలో రెండు కథలుంటాయని త్వెతాన్ తొదొరొవ్ అనే సాహిత్య సిద్ధాంతకర్త 1966లో రాసిన వ్యాసంలో వివరించాడు. ఒకటి నేరం కథ, రెండోది ఆ నేరాన్ని కనిపెట్టే కథ. పాఠకుడికి కనిపించేది రెండోదే. మొదటిది అప్పటికే అయిపోయి, కనపడకుండా ఉంటుంది. కొత్తగా రాసేవాళ్లు చేసే పెద్ద పొరపాటు, కనిపించే కథతో మొదలుపెట్టి, కనపడనిది దారిలో దొరుకుతుందిలే అనుకోవడం. నా తోటమాలి తమ్ముడు అలా పుట్టినవాడే.

వెనక నుంచి ముందుకి ఆలోచించడం కొత్త చిట్కా ఏం కాదు. 1794లో 'కాలెబ్ విలియమ్స్' అనే నవల రాసిన విలియమ్ గాడ్విన్, తాను ముందు మూడో సంపుటాన్ని ఊహించుకుని, తర్వాత రెండోది, చివరికి మొదటిది ఊహించుకున్నానని తర్వాత చెప్పుకున్నాడు. డిటెక్టివ్ కథకి ఆద్యుడని చెప్పే ఎడ్గార్ అలన్ పో కూడా, ముగింపు దాకా కథ అల్లుకున్నాకే కలం పట్టాలన్నాడు.

నేను చేసేది ఇది. ఒక నోట్‌బుక్ తీసుకుని జరిగింది జరిగినట్టు, తేదీలతో, గడియారం టైముతో రాస్తాను. అందులో వర్ణనలుండవు, సస్పెన్స్ ఉండదు. పోలీసు డైరీ అంత పొడిగా ఉంటుంది. ఉదాహరణకి ఒక చిన్న కేసు కల్పిద్దాం. మిగతా మెట్లకి కూడా ఇదే వాడుకుంటాను.

ఒంటరిగా ఉండే సంగీతం టీచర్. ఆవిడ లెక్కలు చూసే మేనల్లుడు కొన్నాళ్లుగా డబ్బు కాజేస్తున్నాడు. ఆ సాయంత్రం ఆవిడ బ్యాంకు కాగితాలు చూసి అతన్ని రమ్మంది. ఏడున్నరకి వచ్చాడు. ఎనిమిదికి చంపాడు. ఎనిమిదింబావుకి వెళ్లిపోయాడు. 8:40కి ఆ వీధిలో కరెంటు పోయింది, పదకొండుకి వచ్చింది. అప్పటికి అతను ఊరికి ఆ చివర ఉన్నాడు, కరెంటు పోయిన సంగతే తెలియదు. పావు తక్కువ పదికి స్నేహితుల ఇంటికి చేరి అర్ధరాత్రి దాకా అక్కడే ఉన్నాడు. మర్నాడు పోలీసులకి చెప్పింది ఇది: "తొమ్మిదిన్నరకి వెళ్లి బెల్ కొట్టాను. లోపల్నుంచి 'తలనొప్పిగా ఉంది, రేపు రారా' అంది." అంటే తొమ్మిదిన్నరకి ఆవిడ బతికే ఉంది. ఆ తర్వాత తను నలుగురి మధ్యలో ఉన్నాడు. కాబట్టి తను కాదు.

కరెంటు లేని ఇంట్లో బెల్ ఎలా మోగింది? కేసంతా ఈ ఒక్క ముడి మీద నిలబడి ఉంది. ఒక చిన్న నేరానికి ఒక్క గట్టి ముడి చాలు. నవలకి మూడు నాలుగు కావాలి.

3. "ఎందుకు చంపాడు" కాదు, "ఆ రోజే ఎందుకు"

డబ్బు, పగ, భయం, ప్రేమ. కారణాలకి కరువు లేదు. మేనల్లుడు రెండేళ్లుగా కాజేస్తున్నాడు, మరి ఆ మంగళవారమే ఎందుకు చంపాడు? ఆ సాయంత్రం ఆవిడ కాగితాలు చూసింది కాబట్టి. ఈ రెండో ప్రశ్నకి జవాబు లేకపోతే మీ హంతకుడు కథ కోసం చంపినట్టే ఉంటుంది.

4. క్లూ దాచడం

ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి. నేను ప్రతి క్లూకీ నోట్‌బుక్‌లో ఒక పేజీ ఇస్తాను. అందులో నాలుగు గళ్లు: ఎక్కడ పుడుతుంది, దేని వెనక దాక్కుంటుంది, మధ్యలో ఎక్కడ ఒకసారి గుర్తు చేస్తాను, ఎక్కడ విప్పుతాను. మూడో గడి చాలామంది వదిలేస్తారు. రెండో అధ్యాయంలో చెప్పింది ఇరవయ్యోదాకా ఎవరికీ గుర్తుండదు. గుర్తులేని క్లూ, చెప్పని క్లూతో సమానం.

ఇప్పుడు కరెంటు సంగతి పాఠకుడికి చెప్పాలి. మొదటి డ్రాఫ్ట్‌లో ఎవరైనా ఇలాగే రాస్తారు:

"ఆ రాత్రి 8:40 నుంచి పదకొండు దాకా మా వీధిలో కరెంటు లేదండీ" అంది పక్కింటావిడ.

న్యాయంగానే ఉంది కానీ నిండా మునిగినట్టే. మిస్టరీ చదివేవాళ్లు కాకుల్లాంటివాళ్లు, మెరిసేది ఏది కనబడినా ఎత్తుకుపోతారు. టైము చెప్పారంటే చాలు, మార్జిన్‌లో గీత పడుతుంది. నేనైతే ఇలా మారుస్తాను:

"నిద్ర ఎక్కడిది బాబూ ఆ రాత్రి! సీరియల్లో ఆ పిల్ల అసలు ఎవరి కూతురో ఇవాళ చెప్తామన్నారు. సరిగ్గా చెప్పబోయే ముందు టీవీ ఆరిపోయింది. కొవ్వొత్తి వెలుతురులో మోకాళ్ల మందనుకుని దగ్గు మందు రెండు చెంచాలు తాగేశాను. మా అబ్బాయికి ఫోన్ చేస్తే నన్నే కేకలేశాడు. వాడెప్పుడూ అంతే, పెళ్లయ్యాక మరీనూ." ఇన్‌స్పెక్టర్ నోట్‌బుక్ మూసేశాడు.

ఇందులో "కరెంటు" అన్న మాటే లేదు. కానీ టీవీ ఆరింది, కొవ్వొత్తి వెలిగింది, సీరియల్‌కి ఒక టైము ఉంటుంది. కావలసినవన్నీ పాఠకుడి చేతిలో పెట్టాం. అతను మాత్రం ఆవిడ దగ్గు మందుకి నవ్వుకుంటున్నాడు. పైగా ఇన్‌స్పెక్టరే నోట్‌బుక్ మూసేశాడు కాబట్టి, ఇందులో ఏమీ లేదని పాఠకుడూ మూసేస్తాడు. నవ్వు కంటే మంచి దుప్పటి నాకింతవరకు దొరకలేదు.

రెండో సగం, అంటే బెల్, నాలుగు అధ్యాయాల తర్వాత రావాలి. దీన్ని నవ్వుతో కాదు, ఏడుపుతో కప్పాలి:

"ఆ బెల్ నేనే పెట్టించాను సార్. పిట్ట కూసినట్టు ఉంటుంది, అత్తయ్యకి ఇష్టం. కొట్టాను. 'తలనొప్పిగా ఉంది, రేపు రారా' అంది. నేను ఆ ఒక్కసారి ఆవిడ మాట వినకుండా లోపలికి వెళ్లి ఉంటే..." ఇక మాట్లాడలేకపోయాడు.

పాఠకుడు అతని బాధ చూస్తున్నాడు, లేదా అది నటనేమో అని అనుమానిస్తున్నాడు. ఎటు చూసినా అతను చూసేది మనిషిని. క్లూ వస్తువులో ఉంది. ఒక్కొక్కటిగా చూస్తే ఏ సగానికీ అర్థం లేదు. అందుకే క్లూని రెండు ముక్కలు చేసి దూరం దూరంగా పెట్టడం నాకు ఇష్టం.

దాచడానికి ఇంకా దారులున్నాయి. ఏడు వస్తువుల జాబితాలో నాలుగోదిగా పెట్టొచ్చు, ఎందుకంటే జాబితాలో మొదటిదీ చివరిదీ గుర్తుంటాయి, మధ్యది జారిపోతుంది. క్లూకి అప్పటికప్పుడు ఒక తప్పు అర్థం ఇచ్చేసి పాఠకుణ్ణి తృప్తిపరచొచ్చు. ఉండాల్సింది లేకపోవడమే క్లూ కావొచ్చు, ఇది అన్నిటికంటే కష్టం.

ఒక్క హద్దు మాత్రం దాటకండి. పాత్రలు ఎన్ని అబద్ధాలైనా ఆడొచ్చు, కథ చెప్పే గొంతు ఆడకూడదు. "తొమ్మిదిన్నరకి అతను బెల్ కొట్టాడు" అని మీరు రాస్తే మోసం. "కొట్టాను అన్నాడు" అని రాస్తే ఆట.

5. అందరి దగ్గరా ఒక అబద్ధం ఉండాలి

గుమ్మడికాయల దొంగ అనగానే భుజాలు తడుముకునేవాళ్లు అయిదుగురు కావాలి. ఒక్కడే తడుముకుంటే కథ అయిపోయినట్టే. పక్కింటి కుర్రాడు ఆ రాత్రి ఇంట్లోనే ఉన్నానంటాడు, నిజానికి ప్రేమించిన అమ్మాయిని కలవడానికి వెళ్లాడు. పాత శిష్యురాలు టీచర్‌తో గొడవే లేదంటుంది, కానీ ఒక పోటీ విషయంలో ఇద్దరికీ ఏడాదిగా మాటల్లేవు. ఈ అబద్ధాలన్నిటికీ సొంత కారణాలుండాలి, నవల అయ్యేలోపు అవన్నీ తేలాలి. జవాబు లేకుండా గాల్లో వదిలేసిన అనుమానం పాఠకుడికి చెప్పులో రాయిలా గుచ్చుతుంది.

6. డిటెక్టివ్‌కి తెలిసింది పాఠకుడికీ తెలియాలి

మీ డిటెక్టివ్ మేధావి కానక్కర్లేదు, వింత అలవాట్లూ అక్కర్లేదు. పట్టుదల ఉంటే చాలు. 1929లో రోనాల్డ్ నాక్స్ అనే రచయిత, ఆయన మతగురువు కూడా, డిటెక్టివ్ కథలకి పది నియమాలు రాశాడు. హంతకుడు కథ మొదట్లోనే కనపడాలి, దైవిక శక్తులు కుదరవు, రహస్య గదులు ఒకటికి మించి వద్దు, ముందుగా సిద్ధం చేయకుండా కవల పిల్లల్ని దించకూడదు. సగం సరదాగా రాసినవే. అన్నీ పాటించాలని నేననను, ఆ తర్వాత చాలామంది వీటిని ఉల్లంఘించి గొప్పగా రాశారు. కానీ డిటెక్టివ్‌కి దొరికిన క్లూని పాఠకుడికి వెంటనే చూపించాలనే నియమం దాటినవాళ్లలో నన్ను మెప్పించినవాళ్లు లేరు.

"అతను ఉత్తరం చదివి చిన్నగా నవ్వాడు" అని రాసి ఉత్తరంలో ఏముందో చెప్పకపోవడం పాత పద్ధతి. నాకది చిల్లర దొంగతనంలా అనిపిస్తుంది.

7. శవం అబద్ధం ఆడదు, మీరు ఆడించకండి

ఇప్పటి పాఠకుడు సందేహం వస్తే ఫోన్ తీసి వెతుకుతాడు. తరచూ తప్పుగా కనిపించేవి కొన్ని చెప్తాను.

చనిపోయాక శరీరం బిగుసుకోవడం సాధారణంగా రెండు నుంచి నాలుగు గంటల్లో దవడ, మెడ దగ్గర బయటపడుతుంది. సుమారు 12 గంటలకి ఒళ్లంతా బిగుస్తుంది. ఆ తర్వాతి ఒకటి రెండు రోజుల్లో సడలుతుంది. వేడిలో ఇదంతా త్వరగా జరుగుతుంది, చలిలో ఆలస్యమవుతుంది. అందుకే ఏ డాక్టరూ "మరణం 9:17కి" అని చెప్పడు, ఇన్ని గంటల మధ్య అంటాడు. రచయితకి ఇది వరం. మన మేనల్లుడు ఆడిన ఆటంతా ఆ ఖాళీలోనే.

గుండె ఆగాక రక్తం కిందికి దిగి, నేలవైపు ఉన్న చర్మం మీద ముదురు మచ్చలు తేలుతాయి. సుమారు 8 నుంచి 12 గంటల తర్వాత అవి స్థిరపడతాయి. వెల్లకిలా దొరికిన శవానికి మచ్చలు పొట్టవైపు ఉన్నాయంటే, ఎవరో కొన్ని గంటల తర్వాత కదిలించారన్నమాట.

క్లోరోఫామ్ రుమాలు ముక్కుకి పెట్టగానే మనిషి పడిపోడు, నిమిషాలు పడుతుంది. తుపాకీకి సైలెన్సర్ తగిలిస్తే చప్పుడు తగ్గుతుంది, మాయమవదు. సయనైడ్‌కి చేదు బాదం వాసన ఉంటుందంటారు, కానీ ఆ వాసన అందరి ముక్కులకీ తెలియదు. ఆఖరిది నాకు చాలా ఇష్టం. ఒక పాత్రకి ఆ వాసన తెలియకపోవడం మీదే ఒక కథ నడపొచ్చు.

ఇంతా తెలుసుకుని పేజీలకి పేజీలు దించకండి. పది తెలుసుకుంటే ఒకటి రాయండి.

8. విచారణ అధ్యాయాలు విసిగించకుండా

అనుమానితులు అయిదుగురుంటే అయిదు విచారణలు వరసగా రాయాలనిపిస్తుంది. మూడోదానికే పాఠకుడు పేజీలు తిప్పడం మొదలుపెడతాడు. ఒక్కరిని కుర్చీలో కూర్చోబెట్టి అడగండి. ఇంకొకరిని ఏదో పని చేస్తుండగా అడగండి, చేతులు ఆగిన చోటు చూపించండి. మూడోవాళ్లు అడగకముందే వచ్చి చెప్పాలి. నాలుగోవాళ్లు చెప్పింది ఇంకెవరి నోటి నుంచో రావాలి. ప్రతి విచారణ చివరా పాఠకుడికి ఒక కొత్త సంగతి తెలియాలి, తెలుసనుకున్నది ఒకటి చెదరాలి. రెండిట్లో ఏదీ జరగకపోతే ఆ అధ్యాయం తీసేయండి.

9. ముడి విప్పే చోట తొందరపడకండి, సాగదీయకండి

అందర్నీ ఒక గదిలో కూర్చోబెట్టి డిటెక్టివ్ ఇరవై పేజీలు ఉపన్యాసం ఇవ్వడం నాకు ఎప్పుడూ కుదరలేదు. నేను రెండుగా విడగొడతాను. ముందు ఒక చిన్న దృశ్యం. పాఠకుడు డిటెక్టివ్ కంటే అరపేజీ ముందు కనిపెట్టేలా ఉండాలి. మన కేసులో ఇన్‌స్పెక్టర్ ఇంకేదో పని మీద పక్కింటికి వెళ్తాడు. టీవీలో అదే సీరియల్ మొదలవుతోంది. గోడ గడియారం ఎనిమిదిన్నర చూపిస్తోంది. అతను ఏమీ అనడు. బయటికొచ్చి, తాళం వేసి ఉన్న టీచర్ ఇంటి ముందు నిలబడి, ఆ పిట్ట కూత బెల్ ఒకసారి నొక్కుతాడు. అధ్యాయం అంతే.

మిగతా లెక్కంతా తర్వాతి అధ్యాయంలో చెప్పొచ్చు. అది పొట్టిగా ఉండాలి. దొరికినప్పుడు హంతకుడు నేరం ఒప్పుకుంటూ పెద్ద ప్రసంగం చేయనక్కర్లేదు. తేలు కుట్టిన దొంగలా నోరు మెదపకుండా కూర్చోనివ్వండి.

10. హంతకుడు తెలియనివాళ్లకి చదవనివ్వండి

రాతప్రతిని అయిదుగురికి ఇస్తాను. "బాగుందా" అని అడగను. ముప్పావు వంతు దగ్గర ఒక కాగితం పెట్టి, అక్కడ ఆగి ఎవరి మీద అనుమానమో రాయమంటాను. ఒకరిద్దరు సరిగ్గా చెప్తే నాకు హాయి. అయిదుగురూ చెప్తే క్లూలు మరీ మెరుస్తున్నాయి. ఒక్కరూ చెప్పలేకపోతే సంతోషపడకండి. చదివాక వాళ్లకి ఆ ముగింపు న్యాయంగా అనిపించిందో లేదో అడగండి.

ఈ బెల్ ముడి మొదటిసారి ఒకావిడకి వినిపిస్తే ఒక్క క్షణంలో పగలగొట్టింది. "మా ఇంట్లో బెల్ బ్యాటరీతో నడుస్తుంది." అంతే, కేసంతా కుప్పకూలింది. ఆ రోజు నాకు అన్నం సహించలేదు. చివరికి మరమ్మత్తు మాత్రం ఒక్క వాక్యంతో అయింది. మొదటి అధ్యాయంలో ఇన్‌స్పెక్టర్ ఇంట్లోకి వెళ్తున్నప్పుడు, బెల్ నుంచి తలుపు పైగా స్విచ్‌బోర్డు దాకా పాకిన వైరు మీద సాలెగూడు ఉందని రాశాను. పాఠకుడు సాలెగూడు చూస్తాడు, ఒంటరి ఇల్లు కదా అనుకుంటాడు.

ఇక తోటమాలి తమ్ముడి నవల సంగతి. ఆ 180 పేజీలూ ఇంకా బీరువాలోనే ఉన్నాయి. ఈ మధ్య ఒక మధ్యాహ్నం ఏమీ తోచక తీసి, పెన్సిల్ పట్టుకుని చదివాను. 31వ పేజీలో చనిపోయినాయన తమ్ముడు అంటాడు: "అన్నయ్య కళ్లజోడు లేకుండా సంతకం కూడా పెట్టలేడు." 74వ పేజీలో ఆ కళ్లజోడు వారం నుంచి రిపేరులో ఉందని ఎవరో అంటారు. 112వ పేజీలో ఆ వారంలోనే పెట్టిన సంతకంతో వీలునామా తెచ్చి చూపించేది ఆ తమ్ముడే. మూడూ నేనే రాశాను, ఒకదానికొకటి సంబంధం లేకుండా, పేజీలు నింపడానికి. ఆ రాత్రే కొత్త నోట్‌బుక్ తెరిచి, ఆ తమ్ముడికి డబ్బు అవసరం పడిన రోజు నుంచి, తేదీలు వేసుకుంటూ రాయడం మొదలుపెట్టాను.